ఆపద రాకమునుపే: దేవాలయ సంపద రక్షణమునకు ఒక అంతర్జాతీయ శిక్షణ





గత ఉపన్యాసము ముగిసిన పిదప ఒక వృద్ధభక్తుడు మమ్ము సమీపించి యొక సందేహమును వెలిబుచ్చెను. అర్చకులకును, పరిచారకులకును, అగ్ని, వరద, గాలివాన మొదలగు ఆపదల యందు ఆలయమును కాపాడు విధానమును నేర్పుటకై ఒక దినము తరగతి జరుగునని ఆనాడు ధర్మకర్తలు ప్రకటించియుండిరి. దానిని విని ఆయన, "స్వామీ! లోకములన్నింటిని కాపాడువాడు ఆయన గదా. ఆయన గుడిని మనము కాపాడుట యేమి? దానికి మరల తరగతులేమి?" అని అడిగెను. చుట్టునున్న నలుగురును చిరునవ్వు నవ్విరి గాని, వారి మనస్సులలోను అదే ప్రశ్న యున్నదని మాకు తోచినది. ఆనాడు ప్రసాద వితరణ సమయమగుటచే రెండు మాటలు చెప్పి ఊరకుంటిమి. ఈ దినము విస్తరించి చెప్పుదుము.

అర్చావతారమున భగవానుడు అర్చకపరాధీనుడై యుండునని మన పెద్దలు చెప్పుదురు. మేల్కొలుపు మొదలు పవళింపుసేవ వరకు, స్నానము, వస్త్రము, అన్నము, దీపము సమస్తమును భక్తుల చేతులకు అప్పగించి, సర్వశక్తుడై యుండియు ఆయన పసిబిడ్డవలె కూర్చుండును. ప్రతి ఉదయమును ఆయనను మనము మేల్కొలుపవలెననియు, మధ్యాహ్నమున ఆకలి తీర్పవలెననియు ఒప్పుకొన్నవారము, మండపమునకు నిప్పంటుకొన్న నాడు మాత్రము "ఆయన శక్తిమంతుడు, ఆయనయే చూచుకొనును" అని దూరముగా నిలుచుట ఎట్లు పొసగును? ఆగమములలో జీర్ణోద్ధారణము, బాలాలయము, కళాకర్షణము, ప్రాయశ్చిత్తము అను ప్రకరణములు ఇంత విస్తారముగా నుండుటకు కారణము ఇదియే. గుడికి ఆపద వచ్చునని మన పూర్వులు ఎరుగుదురు. రాదని వారు ఎన్నడును అనుకొనలేదు.

ఈ విషయము మాకు గ్రంథముల వలన తెలిసినది గాదు. మా చేతులతో మేము చేసిన యొక తప్పు వలన తెలిసినది. దానిని మొదట చెప్పి పిమ్మట ముందునకు పోదుము.

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచెత్తిన సంగతి మీలో పెద్దలు మరువలేరు. వేలాది జనులు ఒక్క దినమున జలగర్భమున కలిసిపోయిరి. మేమప్పుడు కృష్ణాతీరమున గురువుగారి యింటనే యుంటిమి. మా గ్రామము సముద్రమునకు దూరముగా నుండుటచే ఉప్పెన మమ్ము తాకలేదు గాని, గాలివానకు ఇంటి పెంకులు ఎగిరిపోయి, గురువుగారి గ్రంథముల పెట్టె తడిసి ముద్దయైనది. అందు శ్రౌతప్రయోగముల తాటియాకు కట్టలు కొన్ని, గురువుగారి తండ్రిగారు నాటుసిరాతో కాగితములపై వ్రాసికొన్న యొక వ్యాఖ్య, గ్రామదేవాలయ మాన్యముల లెక్క పుస్తకము ఉండినవి. వాన వెలిసిన వెంటనే మేము ఉత్సాహముతో వాకిట చాపలు పరచి, మండుటెండలో వానినన్నింటిని ఆరవేసితిమి. అప్పటికే మూడు దినములు గడచినవి. సాయంకాలమునకు తాటియాకులు వంకరలు తిరిగి చిట్లినవి. కాగితములు ఒకదానికొకటి అంటుకొని ఇటుకవలె గట్టిపడినవి. విడదీయబోగా అక్షరములు పొరలు పొరలుగా ఊడి మా వ్రేళ్లకు వచ్చినవి. వాన చేసిన నష్టము కొంతయే. మిగిలినది మేము చేసితిమి.

గురువుగారు మమ్ము ఒక్క మాట యైనను అనలేదు. రాత్రి భోజనమైన పిదప, "నోటనున్నది తడవలేదు. పెట్టెలోనున్నది తడిసినది" అని మాత్రము అనిరి. ఆ మాట సత్యము. సంహితకు తోడు పదము, క్రమము, జట, ఘనము అని ఒకే మంత్రమును పలు విధముల ముడివేసి, పలువురి కంఠములలో నిలిపిన ఏర్పాటు వలన వేదము ఏ వరదకును కొట్టుకొని పోలేదు. ఆ ఏర్పాటునకు గాను 2003వ సంవత్సరమున యునెస్కో వేదపఠన సంప్రదాయమును మానవజాతి వారసత్వముగా ప్రకటించినది. కాని ఆ వ్యాఖ్య ఒక్క ప్రతియే. దానిని కంఠస్థము చేసినవారు లేరు. అది పోయినది. ఇన్ని సంవత్సరముల తరువాతను, తద్దినమునాడు గురువుగారిని తలచుకొనునప్పుడు ముందుగా ఆ చాపయే మా కన్నుల యెదుట నిలుచును.

తడిసిన గ్రంథమును నీడలో, గాలి ఆడుచోట ఆరబెట్టవలెననియు, ఎండ తగులనీయరాదనియు, అంటుకొన్న పుటలను బలిమితో విడదీయరాదనియు, రెండు దినములు దాటినచో బూజు పట్టుటకు ఆరంభించుననియు, గ్రంథములు ఎక్కువగా నుండి వెంటనే ఆరబెట్ట వీలుగానిచో పొట్లములు కట్టి అతిశీతల యంత్రములో గడ్డకట్టించి ఉంచినచో వ్యవధి దొరకుననియు మాకు ఎన్నో ఏండ్ల తరువాత తెలిసినది. ఆలయ జీర్ణోద్ధారణ పనులలో పరిచయమైన యొక ఇంజనీరు చెప్పెను. ఇవి ఎక్కడ నేర్పుదురని మేము అడుగగా ఆయన జపాను దేశమున క్యోటో నగరమున జరుగు నొక శిక్షణను గూర్చి వివరించి, ఆ శిక్షణ కొరకు రచింపబడిన మార్గదర్శక గ్రంథమును తెచ్చి కొన్ని సాయంకాలములు చదివి వినిపించెను. మాకు ఆంగ్లము రాదు. ఆయన తెలుగున చెప్పుచుండగా, అర్థముగాని చోట్ల ఆపి మరల మరల అడిగి తెలిసికొంటిమి. అందలి సారమును ఇప్పుడు మీ ముందుంచుచున్నాము.

1995 జనవరి 17వ తేదీ తెల్లవారుజామున జపానులోని కోబే నగరమున భూకంపము సంభవించి ఆరువేలకు పైగా జనులు మరణించిరి. నేల కదలిక ఆగిన పిదప మంటలు చెలరేగినవి. అగ్నిమాపక దళము వచ్చినది గాని, భూమిలోని నీటి గొట్టములు పగిలిపోవుటచే కొళాయిలలో నీరు లేదు. యంత్రమున్నది, మనుష్యులున్నారు, నీరు లేదు. సరిగా పది సంవత్సరములకు, 2005 జనవరిలో, అదే కోబే నగరమున ఐక్యరాజ్యసమితి వారు విపత్తుల నివారణమును గూర్చి ప్రపంచ మహాసభ జరిపిరి. అందు ప్రాచీన కట్టడములు, దేవాలయములు, కళాసంపదల రక్షణకై ప్రత్యేకముగా నొక గోష్ఠి జరిగినది. దాని ఫలముగా 2006లో క్యోటోలోని రిత్సుమేకాన్ విశ్వవిద్యాలయమున యునెస్కో పీఠము ఏర్పడి, నాటి నుండి ఈ అంతర్జాతీయ శిక్షణ ఆరంభమైనది. రోము నగరమందలి ఇక్రోమ్ అను సంస్థ ఇందు సహకరించుచు వచ్చినది. మన దేశస్థుడైన రోహిత్ జిజ్ఞాసు గారు ఆ పీఠమున ఆచార్యులుగా నుండి ఈ శిక్షణను నడిపిరి. 2013లో వెలువడిన మార్గదర్శక గ్రంథ రచనలోను వారి భాగము కలదు. ఆయన యింటిపేరు జిజ్ఞాసు అగుట మాకు మిక్కిలి నచ్చినది.

క్యోటోనే ఏల ఎన్నుకొనిరన్నచో, అది 794వ సంవత్సరమున రాజధానియైన పురము. అడుగడుగునను ఆలయములు, అవియు కొయ్యతో కట్టినవి, వాని చుట్టు ఇరుకైన వీధులు, కొయ్య యిండ్లు. ఒక యింట నిప్పు లేచినచో వేయి సంవత్సరముల దేవాలయము వరకు పోవుటకు దానికి త్రోవ యున్నది. నిప్పుతో కలిసి జీవించుట ఆ ఊరి వారికి తరతరముల విద్య.

ఈ శిక్షణ సుమారు మూడు వారములు జరుగును. పలు దేశముల నుండి కొద్దిమందిని మాత్రమే చేర్చుకొందురు. గురుకులమువలె కొద్దిమందియే యగుటచే ప్రతివానిని ఆచార్యుడు ఎరుగును. వచ్చువారిలో శిల్పులు, వాస్తుజ్ఞులు, పురావస్తు శాఖల వారు, వస్తుప్రదర్శనశాలల వారు నుందురు. విపత్తు నివారణ శాఖల అధికారులును ఉందురు. ఈ కూర్పే శిక్షణకు ప్రాణమని మా అభిప్రాయము. గుడి విలువ తెలిసినవానికి నిప్పు స్వభావము తెలియదు. నిప్పు స్వభావము తెలిసినవానికి ఏ స్తంభము రాయి, ఏది సున్నముతో చేసినది, ఏ గోడపై నీరు చిమ్మినచో వర్ణచిత్రము కరగిపోవునో తెలియదు. వీరిరువురును మొట్టమొదటిసారి కలిసికొనుట సాధారణముగా మంటల యెదుట జరుగును. అప్పుడు పరిచయములకు సమయముండదు.

మరియొక నియమము కలదు. ప్రతి శిష్యుడును తన దేశమునుండి ఒక స్థలమును, అనగా ఒక ఆలయమో, కోటయో, గ్రంథాలయమో, పాతబస్తీయో, దాని పటములు, లెక్కలు, లోపములతో సహా మనస్సున మోసికొని రావలెను. మూడు వారములు విన్న పాఠములన్నింటిని ఆ స్థలమునకు అన్వయించి, తుదకు దానికి తగిన రక్షణ ప్రణాళికను వ్రాసి సభలో సమర్పించి తిరిగి పోవలెను. శ్రౌతమున సూత్రము చదివినంతమాత్రమున ప్రయోగము రాదు. ఇష్టిని చేయించి నేర్పవలెను. వీరి పద్ధతియు అట్టిదే.

మొదటి పాఠము నిప్పును గూర్చియు, నీటిని గూర్చియు కాదు. "మీ స్థలమున విలువైనది ఏది? ఎవరికి విలువైనది?" అని అడుగుదురు. దీనికి మేము మొదట ఆశ్చర్యపడితిమి. విలువ తెలియనిదే ఏది ముందు కాపాడవలెనో తెలియదు గదా అని ఇంజనీరు చెప్పగా ఒప్పుకొంటిమి. చరిత్ర దృష్టితో విలువ, కళ దృష్టితో విలువ, సంఘ దృష్టితో విలువ, ఆధ్యాత్మిక విలువ అని గళ్లు గీసి వ్రాయుదురట. ఈ చోట మాత్రము మాకు కొంచెము కష్టము తోచినది. భక్తునికి ఆధ్యాత్మికమన్నది నాలుగు గళ్లలో ఒకటి గాదు, గళ్లు గీసిన కాగితమే అది. అయినను మూర్తికి కళావిలువ మాత్రమే చూచి ప్రదర్శనశాలలో నిలుపువారి కంటె, ఆ గడిని గీసినవారు మేలు.

తరువాతి పాఠము ఆపద వేరు, ప్రమాదము వేరు అని తెలియజెప్పును. దీపము వెలుగుచున్నది, అది స్వతః ప్రమాదము కాదు. ఎండిన తాటాకు పందిరి యున్నది, అదియును కాదు. ఆ పందిరి క్రింద ఆ దీపమును పెట్టినప్పుడు ప్రమాదము పుట్టును. ఆ పందిరి క్రింద వేయిమంది కూర్చుండి, వెలికి పోవుటకు ఒకే ద్వారముండినచో అది మహాప్రమాదమగును. గాలివానను మనము ఆపలేము, భూమి కదలకుండ పట్టుకొనలేము. మన చేతిలో నున్నది బలహీనతను తగ్గించుటయే. ఓరుగల్లు సమీపమున 1213లో ప్రతిష్ఠితమైన రామప్ప దేవాలయమునకు పునాదిలో ఇసుక నింపి, విమానమునకు నీటిపై తేలునంత తేలికయైన ఇటుకలు వాడిన కాకతీయ స్థపతులు ఈ సూత్రమును ఎరిగినవారే. 2021లో ఆ ఆలయము ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినది.

పాఠములతో పాటు శిష్యులను ఆ నగరమున త్రిప్పి చూపుదురు. కియోమిజు-దేరా అను కొండమీది ఆలయము, దాని క్రింది వీధులు వారికి ఒక పెద్ద పాఠ్యగ్రంథము. అచ్చట భూకంపమునకు చెదరని నీటితొట్లను నేలలో నిర్మించిరి. ఒక్కొక్కదానిలో సుమారు 15 లక్షల లీటర్ల నీరు పట్టును. అవి ఎత్తున నుండుటచే విద్యుత్తు లేకున్నను, నగరపు గొట్టములు పగిలినను, నీరు తన బరువుతో తానే క్రిందికి దిగివచ్చును. కోబేలో నేర్చిన పాఠము ఇచ్చట తొట్టియై నిలిచినది. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. ఆ వీధులలోని కొళాయిలను అగ్నిమాపక దళము వారే గాక, ఆ వీధిలోని గృహస్థులును, అంగడివారును త్రిప్పి వాడుటకు వీలుగా అమర్చిరి. దళము వచ్చులోపల జరుగవలసిన పని పొరుగువారిదే యని అచ్చటి వారి నిశ్చయము.

ఈ నిశ్చయము వారికి ఊరక కలుగలేదు. 1949 జనవరి 26వ తేదీన నారా ప్రాంతమున హోర్యూజీ అను అతిప్రాచీన బౌద్ధాలయమున నిప్పంటుకొని, స్వర్ణమందిరమందలి గోడలపై వేయి సంవత్సరములకు పైబడిన చిత్రములు మాడిపోయినవి. దేశమంతయు దుఃఖించినది. ఆ మరుసటి సంవత్సరమే సాంస్కృతిక సంపద రక్షణకు చట్టము వచ్చినది. అది వచ్చిన 1950వ సంవత్సరముననే క్యోటోలోని సువర్ణాలయమును ఒక యువభిక్షువు తానే తగులబెట్టుట మరియొక విషాదము. 1955 నుండి ప్రతి జనవరి 26వ తేదీని వారు ఆలయములకు అగ్నిరక్షణ దినముగా పాటించుచున్నారు. ఆనాడు దేశమంతట ఆలయములలో భిక్షువులు, అర్చకులు, గ్రామస్థులు కూడి గొట్టములు విప్పి నీరు చిమ్మి అభ్యాసము చేయుదురు. మనకు ఆ తేదీ గణతంత్ర దినము. 2001లో అదే తేదీన గుజరాతులోని భుజ్ ప్రాంతమున భూకంపము వచ్చి వేలాది ప్రాణములను, అసంఖ్యాకమైన ప్రాచీన కట్టడములను హరించినది.

ఇక ఆపద గడచిన తరువాతి పాఠము. దీనికి నేపాళ దేశమే ఉదాహరణము. 2015 ఏప్రిల్ 25వ తేదీన వచ్చిన భూకంపమున కాఠ్మాండు నగరమునకు ఆ పేరు తెచ్చిన కాష్ఠమండపము కూలినది. గోరక్షనాథుని మూర్తి వెలసిన దారుమందిరమది. ఆ సమయమున అందు రక్తదాన శిబిరము జరుగుచుండుటచే ప్రాణనష్టము కూడ కలిగినది. కూలిన పిదప ప్రాణములకై వెదకు తొందరలో పెద్ద యంత్రములు వచ్చుటయు, చెక్కడపు కొయ్యలు శిథిలములతో కలగాపులగమగుటయు జరిగినది. ప్రాణరక్షణ మొదటిది, అందు సందేహము లేదు. కాని ఆ తరువాతి గంటలలో ఏ కొయ్యను ఎక్కడ పెట్టవలెను, ఎవరు గుర్తు వేయవలెను, దొంగల బారిన పడకుండ ఎవరు కావలి యుండవలెను అను ఏర్పాటు ముందుగా నున్నచో నష్టము తగ్గును. దగ్గరనే యున్న పాటన్ నగరమున స్థానికులు, ఆలయ రక్షణ సంస్థవారు కూలిన ఆలయముల చెక్కడములను ఏరి, రాజభవన ప్రదర్శనశాల ఆవరణలో భద్రపరచుటచే, అవియే మరల ఆలయములకు చేరినవి.

కాష్ఠమండపమును గూర్చి మరియొక సంగతి కలదు. కూలిన పిదప జరిగిన త్రవ్వకములలో దాని పునాది ఏడవ శతాబ్దము నాటిదనియు, భూకంపమునకు చెక్కుచెదరలేదనియు తెలిసినది. లోపము వేరొకచోట నుండినది. నడుమ నున్న నాలుగు మహాస్తంభములలో ఒకదానికి అడుగు పీఠశిలతో బంధము లేదు. అది ఊరక నేలపై నిలిచియున్నది. ఇరువదవ శతాబ్దమున నేల మరమ్మతు చేసినవారు దానిని సరిచేయక పైన పలకలు పరచిరి. అనగా పదమూడు వందల ఏండ్లు నిలిచిన పునాదిపై ఒక్క మరమ్మతు అజాగ్రత్త నిలిచినది. 2022 నాటికి ఆ మండపము మరల లేచినది. మన ఆలయములలో జీర్ణోద్ధారణ పేరిట నల్లరాతి స్తంభముల చుట్టు సిమెంటు పోసి, పైన పింగాణి పలకలు అతికించుచున్న ధర్మకర్తలు ఈ ఒక్క వృత్తాంతమును చదివిన చాలునని మా విన్నపము. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురము 2010 మే 26న కూలినప్పుడు మనమందరము కన్నీరు పెట్టితిమి. బీటలు ఒక్క రాత్రిలో రావు.

శిక్షణలో గట్టిగా నొక్కి చెప్పు విషయము మరియొకటి కలదు. పట్టిక వ్రాయుట. ఆలయమున ఏ వస్తువులున్నవి, ఎక్కడ నున్నవి, వాని కొలతలు, తూకము, గుర్తులు, ఛాయాచిత్రములు ఏవి, వానిలో ముందుగా తరలింపవలసినవి ఏవి, ఒక్కొక్కదానిని మోయుటకు ఎందరు కావలెను, ఎక్కడికి చేర్పవలెను. ఈ పట్టిక యొక ప్రతి గుడికి వెలుపల మరియొకచోట నుండవలెను. ఇది విని "ఇదేదో విదేశీయుల లెక్క" అని కొందరు అనుకొందురు. వారికి శ్రీరంగనాథుని వృత్తాంతమును జ్ఞాపకము చేయుచున్నాము.

1323 ప్రాంతమున ఢిల్లీ సుల్తాను సేనలు శ్రీరంగముపై పడినప్పుడు, వృద్ధులైన పిళ్లై లోకాచార్యులవారు గర్భాలయ మూలమూర్తికి ఎదుట గోడ కట్టించి, ఉత్సవమూర్తిని రహస్యముగా వెలికి తీసికొనిపోయిరని సంప్రదాయము చెప్పుచున్నది. కదలింపరానిదానికి మరుగు, కదలింపదగినదానికి తరలింపు. క్యోటోలో నేర్పునది ఇదియే. ఆచార్యులవారు మార్గమధ్యముననే పరమపదించిరి. స్వామి అడవుల వెంట, మలయాళ దేశము మీదుగా సంచరించి, తిరుమలకు వచ్చి అచ్చట ఏండ్ల తరబడి పూజలందుకొనెను. తిరుమల ఆలయమున రంగనాయక మండపమను పేరు అందువలన కలిగినది. మీలో చాలమంది ఆ మండపమును దాటి పోయియుందురు. 1371లో సెంజి పాలకుడైన గోపన్న స్వామిని మరల శ్రీరంగమునకు చేర్చెను.

తరువాతి కథ వినుడు. నలుబది యెనిమిది ఏండ్లు గడచుటచే ఆ మూర్తిని చూచినవారు దాదాపు ఎవరును మిగులలేదు. ఆలయమున అప్పటికి వేరొక ఉత్సవమూర్తి ప్రతిష్ఠితమై యున్నది. వచ్చినవాడు మన స్వామియేనా యని సంశయము. అప్పుడు స్వామి వస్త్రములు ఉతుకుచుండిన యొక వృద్ధ రజకుడు, చూపు పోయినవాడు, ముందునకు వచ్చెనట. రెండు మూర్తులకును అభిషేకము చేయించి, తడిసిన వస్త్రములను పిండిన తీర్థమును తనకిమ్మని కోరెను. ఒకదానిని నోట నుంచుకొనగానే పూర్వపు పరిమళమును గుర్తించి, "ఈయనయే మన స్వామి" అని పలికెను. నంపెరుమాళ్ అను నామము ఆ పలుకు వలననే నిలిచినదని పెద్దలు చెప్పుదురు. ఈ కథను మనము భక్తికి దృష్టాంతముగా చెప్పికొందుము, అది యుక్తమే. కాని అందు మరియొక అర్థము కూడ మాకు కనబడుచున్నది. ఆనాడు శ్రీరంగమున పట్టిక లేదు. ఆ వృద్ధుని నాలుకయే పట్టిక. ఆయన మరి రెండేండ్లు ముందుగా మరణించియుండినచో?

ఇక ఆగమ విషయము. అర్చకులు మమ్ము తరచు అడుగు ప్రశ్న ఇది. మంటలార్పువారు గర్భాలయమున ప్రవేశింపవచ్చునా? దీక్ష లేనివారు మూర్తిని తాకవచ్చునా? మా సమాధానము సూటిగా చెప్పుచున్నాము. అర్చకుడు అందుబాటులో నుండి, ప్రాణభయము లేనిచో ఆయనయే చేయవలెను. లేనిచో ఎవరు చేయగలిగిన వారు చేయవలెను. స్పర్శదోషమునకు, అగ్నిదాహమునకు, మూర్తి స్థానభ్రంశమునకు శాంతులు, సంప్రోక్షణలు ఆగమములు విధించియే యున్నవి. దోషము కలుగు సందర్భము ఉండునని ఎరిగియే ఋషులు ప్రాయశ్చిత్తమును చెప్పిరి. బూడిదయైన మూర్తికి ప్రాయశ్చిత్తము చేయుట కంటె, తాకబడిన మూర్తికి చేయుట సులభము. అర్చకులకు మరియొక మాట. స్వామి కొరకు మంటలలోనికి దుముకుట భక్తి యని మీరు తలపవచ్చును. మేము ఒప్పుకొనము. మూర్తికి పునఃప్రతిష్ఠ కలదు. 2020 సెప్టెంబరులో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథము అర్ధరాత్రి దగ్ధమైనది. 2021 ఫిబ్రవరి నాటికి క్రొత్త రథము కదలినది. మంటలలో పోయిన అర్చకుని మరల చెక్కించి తెచ్చు స్థపతి లేడు. ఆయనతో పాటు ఆయన నేర్చిన ప్రయోగమును పోవును. శిక్షణలోను మొదట మనుష్యులు, పిదప వస్తువులు అనియే చెప్పుదురు.

మధుర మీనాక్షీ అమ్మవారి ఆలయమున 2018 ఫిబ్రవరి 2వ తేదీ రాత్రి వీరవసంతరాయ మండపమున అగ్నిప్రమాదము జరిగి కప్పు కూలిన సంగతి మీరు విన్నదే. మండపమున అంగళ్లు వరుసగా నుండినవి. మన ఆలయములలో మండపముల నిండ ప్లాస్టిక్కు బొమ్మల దుకాణములు, వ్రేలాడు విద్యుత్ తీగలు, నెయ్యి డబ్బాల ప్రక్కనే కర్పూరపు పెట్టెలు ఎన్నిచోట్ల లేవు? అద్దె వచ్చుచున్నదని ఊరకుందుము.

ఈ సంగతులన్నియు విన్న పిదప ధర్మకర్తలు ఒక దినపు తరగతిని మన ఆలయముననే జరిపిరి. మూడు వారముల శిక్షణ మన శక్తికి మించినది. అయినను పద్ధతి అదియే. అర్చకులు, వంటశాలవారు, కార్యాలయపు గుమాస్తాలు, దగ్గరి అంగళ్ల వారిలో ఇరువురు, అగ్నిమాపక కేంద్రము నుండి ఒక అధికారి వచ్చిరి. అధికారి పాదరక్షలు విప్పి, కాళ్లు కడిగికొని, ధ్వజస్తంభమునకు నమస్కరించి, వచ్చీ రాగానే, "ముందుగా ఏది తీయవలెను?" అని అడిగెను. ముగ్గురు అర్చకులు మూడు సమాధానములు చెప్పిరి. పెద్దవారు ఉత్సవమూర్తులనిరి. రెండవవారు సాలగ్రామముల పేటిక యనిరి. చిన్నవాడు వెండి కవచమనెను, తరువాత సిగ్గుపడెను. ఒక గంట చర్చ జరిగి క్రమము నిర్ణయమైనది. పిమ్మట ఉత్సవమూర్తుల బీరువా తాళపుచెవి ఎక్కడ నున్నదని అడుగగా, అది కార్యాలయపు బీరువాలో నున్నదనియు, కార్యాలయపు బీరువా తాళపుచెవి రాత్రులయందు గుమాస్తా యింటికి పోవుననియు, ఆయన యిల్లు నాలుగు మైళ్ల దూరమున నున్నదనియు తేలినది. అందరును ఒకరి ముఖమొకరు చూచుకొంటిరి. ఆనాటి సాయంకాలమే రెండవ తాళపుచెవి చేయించి, పెద్ద అర్చకులకు ఒకటి ఇచ్చిరి.

చివరగా అధికారి, "నీటిగొట్టమునకు కట్టుమీట ఎక్కడ నున్నది?" అని ప్రశ్నించెను. ఇరువది ఏండ్లుగా ఆలయమున పనిచేయుచున్నవారు ఎనమండుగురు అచ్చట కూర్చుండియుండిరి. ఎవరికిని తెలియదు. అప్పుడు వంటశాల యందలి యొక ముసలమ్మ, "కాపలా వానికి తెలియునేమో" అని మెల్లగా అనెను. రాత్రులయందు గుడిలో పండుకొనువాడు అతడొక్కడే. అతనిని తరగతికి పిలుచుట ఎవరికిని తోచలేదు. మనిషిని పంపగా, పగటి నిద్ర నుండి లేచి, భుజమున తుండుగుడ్డ సవరించుకొనుచు వచ్చెను. ఎవరిని ఏమియు అడుగక, నేరుగా ప్రాకారపు ఈశాన్య మూలకు పోయి, ఎండుటాకులను కాలితో త్రోసి, ఒక రాతిపలకను ఎత్తి చూపెను.